టెక్సస్ వర్సెస్ వైట్: తీర్పు చెప్పినది, చెప్పకుండా వదిలినది

టెక్సస్ సమాఖ్యలో చేరినప్పుడే విడిపోయే హక్కును అట్టేపెట్టుకున్నదన్న మాట డాలస్, హ్యూస్టన్ తెలుగువారికి కొత్తది కాదు. అది అపోహ. 1845 నాటి సంయుక్త తీర్మానం ఆ భూభాగంలో మరో నాలుగు రాష్ట్రాల వరకు ఏర్పరచుకోవడానికి వీలు కల్పించిందే తప్ప, సమాఖ్యను వీడే ప్రస్తావన చేయలేదు.

ఈ ప్రశ్నకు అమెరికా సుప్రీం కోర్టు 1869లో టెక్సస్ వర్సెస్ వైట్ కేసులో జవాబు చెప్పింది. విచిత్రమేమంటే, అసలు తగాదా బాండ్ల గురించి. అంతర్యుద్ధకాలంలో తిరుగుబాటు ప్రభుత్వం తన వద్దనున్న ఫెడరల్ బాండ్లను మందుల కోసమూ, పత్తి ఏకే పరికరాల కోసమూ వైట్, చైల్స్ అనే ఇద్దరికి అప్పగించింది. యుద్ధానంతరం టెక్సస్ వాటిని తిరిగి ఇప్పించమన్నది. నేరుగా సుప్రీం కోర్టులో దావా వేయాలంటే వాది 'రాష్ట్రం' అయి ఉండాలి. కనుక టెక్సస్ ఎన్నడైనా సమాఖ్యను వీడిందా అన్నది ముందుగా తేలవలసి వచ్చింది.

వీడలేదని ప్రధాన న్యాయమూర్తి సాల్మన్ చేజ్ తేల్చారు. (యుద్ధకాలంలో ఆయన లింకన్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రి, ఈనాడైతే ఈ కేసు వినడంపైనే అభ్యంతరం వచ్చేది.) ఆయన తర్కం ఇది: 1781 నాటి సమాఖ్య నిబంధనలు ఐక్యత శాశ్వతమన్నాయి, రాజ్యాంగం దానిని మరింత పరిపూర్ణం చేసింది, శాశ్వతం కానిది పరిపూర్ణమెలా అవుతుంది?

వినసొంపైన వాదమే, పునాదే బలహీనం. ఆ నిబంధనలను మార్చడానికి 13 రాష్ట్రాల సమ్మతీ అవసరం. కొత్త రాజ్యాంగమో, 9 చాలన్నది. 1789 ఏప్రిల్‌లో వాషింగ్టన్ ప్రమాణస్వీకారం చేసేనాటికి నార్త్ కెరొలైనా, రోడ్ ఐలండ్ ఇంకా బయటనే ఉన్నాయి. 'శాశ్వత' ఐక్యతను వదిలి 11 రాష్ట్రాలు కట్టుకున్న ఇల్లు ఇది. చేజ్ తీర్పు ఈ చిక్కును పట్టించుకోలేదు. సైనికపాలనలో ఉండి, కాంగ్రెసులో ప్రతినిధులు లేని టెక్సస్‌ను రాష్ట్రమనడం కల్పనేనన్న న్యాయమూర్తి గ్రియర్ అసమ్మతిలో ఎక్కువ నిజాయితీ ఉంది.

చేజ్ సమాఖ్యనే కాక రాష్ట్రాలనూ చెరపరానివన్నారు. భారతదేశంలో ఆ రెండో సగం చెల్లదు: ఆంధ్రప్రదేశ్ శాసనసభ తిరస్కరించినా, 2014లో పార్లమెంటు 3వ అధికరణం కింద తెలంగాణను ఏర్పరచగలిగింది. రాష్ట్రం చీలడం వేరు, సమాఖ్యను వీడడం వేరు.

చేజ్ తీర్పులో విలువైనది ఒక మినహాయింపు: విప్లవం వల్లనో, రాష్ట్రాల సమ్మతితోనో తప్ప వెనుదిరిగే వీలు లేదన్నారు. ఆ సమ్మతి ఎవరిది, ఎంతమందిది, ఏ పద్ధతిలో? తీర్పు చెప్పలేదు. అటువంటి ఖాళీని తన దేశం మేరకు కొంత పూరించినది కెనడా సుప్రీం కోర్టు. 1995 ప్రజాభిప్రాయ సేకరణలో క్విబెక్ విభజన 50.58 శాతం వ్యతిరేక ఓట్లతో అంచున ఆగింది. 1998లో కోర్టు, ఏకపక్షంగా విడిపోయే హక్కు లేదంటూనే, స్పష్టమైన ప్రశ్నకు స్పష్టమైన ఆధిక్యం లభిస్తే చర్చలకు కూర్చోవడం మిగిలినవారి రాజ్యాంగ విధి అన్నది. ఎంత ఆధిక్యం స్పష్టమో మాత్రం రాజకీయ నాయకులకే వదిలింది. 2000లో ఆ నిర్ణయాధికారాన్ని కెనడా పార్లమెంటు తనకే ఉంచుకుంటూ చట్టం చేసింది. సగానికి పైన ఒక్క ఓటు చాలంటూ క్విబెక్ శాసనసభ అదే సంవత్సరం మరో చట్టం చేసింది.