పల్లె కన్నీటికి అలంకారమేది? – గోరటి వెంకన్న పాట ఆధారంగా అలంకార నిర్ణయ పద్ధతి

తెలుగు సాహిత్య బోధనలో అలంకార నిర్ణయం చాలావరకు వాచకాల గుర్తింపుగా సాగుతున్నది. పద్యంలో ‘వలె’ కనిపిస్తే ఉపమ, ‘అనునట్లు’ కనిపిస్తే ఉత్ప్రేక్ష, రెండర్థాలు వస్తే శ్లేష. జడపదార్థం ఏడ్చినా నవ్వినా మానవీకరణ అని ఆధునికులు పేరు పెడతారు. ప్రాథమిక స్థాయిలో ఈ పద్ధతికి ఉపయోగం ఉన్నది. పరిశోధన స్థాయిలో కూడా దానితోనే తృప్తి పడితే, అలంకారం పేరు తెలుస్తుంది గాని అది చేసిన పని తెలియదు. గోరటి వెంకన్న రచించిన ‘పల్లె కన్నీరు పెడుతుందో’ పాటను ఆధారం చేసుకొని, అలంకార నిర్ణయంలో తొలి ప్రశ్న ఏది కావాలో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గోరటి వెంకన్న స్వగ్రామం నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలంలోని గౌరారం. 2002లో వచ్చిన ‘కుబుసం’ చలనచిత్రం ద్వారా ఈ పాట తెలుగు నేల అంతటా వినిపించింది. ‘వల్లంకి తాళం’ కవితా సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. వాగ్గేయకారుడిగా ఆయన స్థానం గురించి విమర్శకులకు సందేహం లేదు. ఆయన పాటలోని అలంకార రచన గురించి మాత్రం ‘సహజ సుందరం’, ‘జానపద శైలి’ వంటి మాటలతోనే తరచు సరిపుచ్చడం జరుగుతున్నది.

రెండు సంప్రదాయాలు – ఒకే నేల

ఇదే జిల్లాలోని కొల్లాపురం ఒకప్పటి జటప్రోలు సంస్థానానికి కేంద్రం. ఆ సంస్థాన ప్రభువు సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ అనే ప్రౌఢ ప్రబంధాన్ని రచించాడు. ఆ సంస్థానంతో సంబంధం గల ఎలకూచి బాలసరస్వతి ‘రాఘవ యాదవ పాండవీయం’ అనే త్ర్యర్థి కావ్యాన్ని నిర్మించాడు. ఒకే పద్యం రామకథగా, కృష్ణకథగా, పాండవకథగా అన్వయించే కావ్యంలో అలంకారాన్ని గుర్తించడం పాఠకునికి తప్పనిసరి. శ్లేషను గుర్తించకపోతే రెండవ కథ గాని మూడవ కథ గాని తెరుచుకోదు. పదవిభాగం మారినప్పుడు కథ మారుతుంది. అక్కడ గుర్తింపే పఠనం.

పాట విషయంలో పరిస్థితి వేరు. అలంకారం పేరు తెలియని శ్రోతకు కూడా పాట అర్థమవుతుంది, కన్నీరు తెప్పిస్తుంది. అందువల్ల అలంకార విచారం ఇక్కడ అనవసరమనే అభిప్రాయం ఏర్పడింది. పాట సులభంగా అందడం వేరు, పాటలో అర్థవ్యాపారం సరళంగా ఉండడం వేరు. ఈ రెంటినీ ఒకటిగా భావించడమే గేయ విమర్శలో కనిపించే ప్రధాన లోపం.

వాచకాన్ని నమ్ముకుంటే ఎదురయ్యే చిక్కు

పాట శీర్షికలోని క్రియ ‘ఓ’కారంతో ముగుస్తున్నది. తెలుగులో ఈ ‘ఓ’ సంశయాన్ని తెలుపుతుంది, సంభావననూ తెలుపుతుంది. వాచకాన్ని మాత్రమే చూసే పాఠకుడు ఇక్కడ సందేహాలంకారమనో ఉత్ప్రేక్ష అనో నిర్ణయించే అవకాశం ఉన్నది. సందేహాలంకారానికి సాదృశ్యం వల్ల కలిగిన సంశయం కావాలి. ఒక వస్తువు ఇదా, అదా అనే ఊగిసలాట ఉండాలి. ఇక్కడ అది లేదు. ఉత్ప్రేక్షకు ప్రకృత వస్తువును మరొకటిగా ఊహించడం కావాలి. మంచు బిందువులనో వాన చినుకులనో కన్నీరుగా ఊహించి ఉంటే ఉత్ప్రేక్ష అయ్యేది. ఇక్కడ కన్నీరుగా ఊహించబడిన వేరొక వస్తువు లేదు. కనుక ఈ ‘ఓ’ అలంకార వాచకం కాదు. అది శోకగీతంలో సాగే పిలుపు.

మాండలికంలో ఈ చిక్కు మరింత స్పష్టం. పాలమూరు వ్యవహారంలో పోలికను ‘లెక్క’, ‘తీరు’, ‘ఓలె’ అనే మాటలతో చెబుతారు. ‘కడుపు కొలిమి లెక్క మండుతున్నది’ అంటే ఉపమ. ‘కొలిమి లెక్క తేలింది’ అంటే జమాఖర్చు. రూపం ఒకటే అయినా వ్యాపారం వేరు. ‘వలె’ను వెదికే కన్ను మొదటిదాన్ని గుర్తించలేదు, ‘లెక్క’ను వెదికే కన్ను రెండవదాన్ని పొరబడి ఉపమ అంటుంది. వాచకం సాక్ష్యమే గాని తీర్పు కాదు.

ముఖ్యార్థ బాధ – తొలి పరీక్ష

మమ్మటుడు ‘కావ్యప్రకాశం’లో లక్షణకు మూడు షరతులు చెప్పాడు: ముఖ్యార్థ బాధ, ముఖ్యార్థంతో సంబంధం, రూఢి గాని ప్రయోజనం గాని. పల్లెకు కళ్లు లేవు కనుక పల్లవిలో ముఖ్యార్థానికి బాధ ఉన్నది. అయితే ఏ సంబంధం వల్ల లక్ష్యార్థం వస్తున్నదనేది ముఖ్యం. ఇక్కడ రెండు మార్గాలు ఉన్నాయి.

పల్లవి పల్లెను తల్లిగా కూడా పేర్కొంటున్నది. ఆ మార్గంలో సంబంధం సాదృశ్యం. అది గౌణీ లక్షణ. దానిపై నిలిచేది రూపకం. కొందరు సూచించగల సమాసోక్తి ఇక్కడ కుదరదు. సమాసోక్తిలో అప్రస్తుతం గమ్యం కావాలి. ఇక్కడ తల్లి వాచ్యమే. రెండవ మార్గంలో పల్లె అంటే పల్లెలో ఉండేవారు. ‘మంచాలు అరుస్తున్నాయి’ అంటే మంచాలపై ఉన్నవారు అరుస్తున్నారని శాస్త్రకారులు చెప్పే ఉదాహరణ ఈ కోవకు చెందినదే. ఇక్కడ సంబంధం సాదృశ్యం కాదు, ఆధారాధేయ భావం. ఇది శుద్ధ లక్షణ.

‘మానవీకరణ’ అనే ఒక్క మాట ఈ భేదాన్ని చెరిపివేస్తుంది. మొదటి మార్గంలో పల్లె ఒక దుఃఖమూర్తి అవుతుంది. రెండవ మార్గంలో ఏడ్చేవారు ఎవరనే ప్రశ్న పుడుతుంది. పాట ఏ మార్గాన్ని ప్రధానం చేసిందో చరణాలే తేల్చాలి. తల్లి రూపకమే ప్రధానమైతే చరణాలు ఆ తల్లి అవయవాలను పల్లె భాగాలతో జోడించి సావయవ రూపకాన్ని పెంచవలసింది. చరణాలు ఆ పని చేయలేదు. అవి కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వంటి వృత్తుల వారి పని తావులను ఒక్కొక్కటిగా చూపుతాయి. కనుక పల్లవిలో రూపకం ఉన్నప్పటికీ పాటను నడిపేది శుద్ధ లక్షణే.

బాధ లేని చోట

చరణాలలో కుండలు కాల్చే చోట ముళ్లచెట్లు పెరిగాయి, నిప్పు లేని కొలిమిని ధూళి కప్పింది, వడ్రంగి పనిముట్టు పదును పోగొట్టుకున్నది, మగ్గం చెడిపోయింది. ఈ వాక్యాలలో ముఖ్యార్థానికి బాధ లేదు. అవన్నీ కంటితో చూడదగిన వాస్తవాలు. అలంకారాన్ని వెదికే పాఠకుడు పల్లవి దగ్గర ఆగి, వీటిని కేవల వర్ణనలుగా దాటిపోతాడు.

ఇక్కడ ఉన్నది స్వభావోక్తి. దీని స్థానంపై ఆలంకారికులలో వివాదం పాతదే. దండి ‘కావ్యాదర్శం’లో దీన్ని మొట్టమొదటి అలంకారంగా గౌరవించాడు. భామహుడు కొందరి మతంగా ప్రస్తావించాడు. కుంతకుడు ‘వక్రోక్తిజీవితం’లో దీని అలంకారత్వాన్ని నిరాకరించాడు, వస్తు స్వభావం అలంకరించబడేది గాని అలంకారం కాదని ఆయన వాదం. ఈ పాట దండి పక్షానికి బలం చేకూరుస్తుంది. ముళ్లచెట్టు ఒక్క రోజులో ఎదగదు. నిప్పు మండే చోట అది మొలవదు. అంటే అక్కడ ఎన్నో కాలాలుగా ఆవం పేర్చలేదు, కుండ అమ్ముడుపోలేదు. చెట్టు ఎత్తే నిరుద్యోగ కాలానికి కొలమానం. ఈ అర్థం లక్షణ వల్ల రాలేదు. వాచ్యం చెక్కుచెదరకుండానే వ్యంగ్యం పుట్టింది. ఆనందవర్ధనుని పరిభాషలో ఇది వివక్షితాన్యపరవాచ్య ధ్వని.

పల్లవి లక్షణామూలం, చరణాలు అభిధామూలం. పల్లవిలోని కన్నీరు నమ్మదగినదిగా తోచడానికి కారణం చరణాలలోని వాస్తవాలే. అలంకృతమైన వాక్యానికి నిరలంకృతంగా కనిపించే వాక్యాలు సాక్ష్యం పలుకుతున్నాయి. చేతివృత్తికే చేతులు విరిగాయన్న భావం వచ్చే చోట ఈ రెండు మార్గాలూ కలుస్తాయి. నిత్యవ్యవహారంలో అరిగిపోయిన ‘చేతివృత్తి’ అనే సమాసంలోని చేయి ఒక్కసారిగా నొప్పి తెలిసే చేయి అవుతుంది.

శబ్దం విషయంలోనూ ఇదే నియమం కనిపిస్తుంది. ‘కుమ్మరి’, ‘కమ్మరి’ అనే వృత్తినామాలలో రెండవ అక్షరం ఒకటే. ప్రాసను కవి బయటనుండి తెచ్చి పేర్చలేదు. ఊరిలో పక్కపక్కన వినిపించే పేర్లే ప్రాసను ఇచ్చాయి.

కారణం ప్రస్తుతమా? పల్లె ప్రస్తుతమా?

పల్లవి పన్నాగాలను కంటికి కానరానివిగా చెబుతుంది. చరణాలు వాటి ఫలితాలను కంటికి కనిపించే వస్తువులుగా నిలుపుతాయి. కార్యాన్ని వర్ణించి కారణాన్ని స్ఫురింపజేయడం అప్రస్తుతప్రశంసలో ఒక భేదం. అయితే ఆ అలంకారంలో వర్ణించిన కార్యం అప్రస్తుతం కావాలి. అలా నిర్ణయిస్తే పల్లె మరొక సిద్ధాంతానికి ఉదాహరణ మాత్రమే అవుతుంది. వర్ణించిన కార్యం కూడా ప్రస్తుతమే అయితే అది పర్యాయోక్తమని విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో భేదం చూపాడు. ఈ పాటలో కుమ్మరి ఆవం ప్రపంచీకరణను వివరించడానికి తెచ్చిన ఉపకరణం కాదు. అదే పాట వస్తువు. కారణం పేరు పాటలో వాచ్యం కాకముందు వచ్చే చరణాలలో పర్యాయోక్తాన్ని అంగీకరించడమే సమంజసం. ఈ నిర్ణయం పేర్ల తగాదా కాదు. పల్లెను ప్రస్తుతంగా చూడాలా, దృష్టాంతంగా చూడాలా అన్నది ఇందులో తేలుతుంది.

ముగింపు

అలంకార నిర్ణయంలో తొలి ప్రశ్న ‘ఏ వాచకం ఉన్నది?’ అన్నది కాదు, ‘ముఖ్యార్థం నిలుస్తున్నదా?’ అన్నది. నిలవకపోతే ఏ సంబంధం వల్ల కొత్త అర్థం వచ్చిందో చూడాలి. నిలిస్తే ఆ నిలిచిన అర్థం మరి దేనిని ధ్వనింపజేస్తున్నదో చూడాలి. తర్వాతనే పేరు. త్ర్యర్థి కావ్యానికి ఉద్దేశించిన శాస్త్రమే గౌరారం కవి పాటకూ చాలుతుంది; దానిని అంతే శ్రద్ధతో ప్రయోగించాలి. తరగతి గదిలో ఈ పాటకు ‘మానవీకరణ’ అని ఒక్క మాట రాయించి ముగిస్తే విద్యార్థికి పల్లె కన్నీరు గుర్తుంటుంది, కొలిమి ఎందుకు చల్లారిందో గుర్తుండదు. పాట అడిగినది ఆ రెండవ ప్రశ్ననే.