సౌజన్యారావుగారి నియమము, మధురవాణి నవ్వు

ధర్మబుద్ధితో నేర్పడిన నియమమును ధర్మబుద్ధితోనే కాదనవలసివచ్చినపుడు ఏ తీరున మాటలాడవలెను? దుర్నయమును ఖండించుట సులభము; దానికి గోపము చాలును. కాని సజ్జనులు సదుద్దేశముతో గల్పించుకొనిన కట్టుబాటు మఱియొకరికి ముల్లై గ్రుచ్చుకొనుచున్నపుడు కోపము పనికిరాదు, మౌనమును బనికిరాదు. ఈ చిక్కునకు నాకు దెలిసినంతలో మిక్కిలి చక్కని సమాధానము గురజాడ అప్పారావుగారి కన్యాశుల్క నాటకపు దుది ఘట్టమున నున్నది.

ఈ నాటకము విజయనగరమున 1892లో బ్రదర్శింపబడి, 1897లో ముద్రితమైనది. తొలికూర్పు పీఠికయందు గవి యొక లెక్కను బ్రకటించెను. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలపు బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయింపగా 1034 తేలినవి. అందు ముగ్గురు వధువులు ఏడాది ప్రాయపు బసికందులు. ఈ నాటకములోని నవ్వు ఇట్టి దుఃఖముమీద నిలిచినదని మఱవరాదు. అయినను గవి తన నవ్వును శుల్కము గొన్నవారితో నాపలేదు. సంస్కర్తల ముంగిటికిని దెచ్చెను. నాటకమునకు నదియే గొప్పతనమని నా యభిప్రాయము.

సౌజన్యారావుపంతులు విశాఖపట్టణపు వకీలు, పేరునకు దగిన సత్పురుషుడు. భోగమువారితో నెట్టి పొత్తును బెట్టుకొననను నియమము గలవాడు. ఇది కవి కల్పించిన వింత కాదు. భోగముమేళములు జరుగు వినోదములకు బోవలదని మద్రాసు సంస్కర్తలు 1893లో వైస్రాయికిని గవర్నరుకును విన్నపము లంపిరి. పెండ్లిపందిట మేళము పెద్దఱికమునకు గుఱుతుగ నున్న యా దినములలో నీ నియమమునకు గారణము లేకపోలేదు. కాని నియమము మేళముతో నాగక మనిషిదాక బోయినది.

లుబ్ధావధానులు పెండ్లాడిన పిల్ల కనబడదు. అతనిమీద హత్యానేరము పడినది. ఆ పిల్ల యాడువేషము వేసిన కుఱ్ఱవాడని యెఱిగిన మధురవాణి పురుషవేషమున బంతులుగారి యింటికి వచ్చును. ఆ యింట గూర్చుండ జోటు దొరకుటకే యామె మగవాడు గావలసివచ్చినది! అంతవఱకు మనలను నవ్వించిన మాఱువేషము ఇచట నొక మొఱగా మాఱినది. అయినను నామె దూషింపదు. మంచివారు మొగము త్రిప్పుకొన్నచో వేశ్యలు బాగుపడు దారి యేదను ప్రశ్నను వినయముతో ముందుంచును. పంతులుగారు భగవద్గీతను గొనియాడగా, శ్రీకృష్ణుడును మేళవిరోధుల పక్షమువాడు కాడుగదా యని శంకించును. తన సాక్ష్యమునకు వెలగా ముద్దొకటి కోరును. ఒక ప్రాణము నిలుచునని పంతులుగా రొడబడగానే, మంచివారిని బాడుచేయగూడదన్న తల్లి హితవును దలచుకొని తానే వెనుదీయును.

ఆలంకారికులు హాసమును స్మితము మొదలు అతిహసితము వఱకు ఆఱు విధములుగ విభజించి, మొదటి రెండును ఉత్తములకు జెందుననిరి. అట్టి యుత్తమహాసమును భోగమువనిత మోమున నుంచుట అప్పారావుగారి సాహసము. ఆమె కాదనుటకు ముందే మేలు చేయవచ్చినది. నియమమును బ్రశ్నించినదే కాని దానిని బట్టినవాని శీలమును శంకింపలేదు. గెలువగలిగిన చోట గెలుపును విడిచినది. ముద్దు గైకొనియుండినచో బంతులుగారు సిగ్గుపడియుందురు; సిగ్గుపడినవాడు తన నియమమును మఱింత బిగబట్టును. ఆమె విడిచినది గావుననే యాయన కాలోచించుట కవకాశము గలిగెను.

అయిన నన్నిచోట్ల నిట్టి సౌమ్యము చాలునా? చాలదు. వీరేశలింగముగారు 1876లో బ్రాహ్మవివాహ ప్రహసనమున బ్రయోగించిన హాసము కొరడా వంటిది. పసిబిడ్డలకు వెలగట్టు చోట గొరడాయే యుచితము. మృదుహాసము మనస్సాక్షి గలవానియందే ఫలించును. రామప్పపంతులును మధురవాణి యెంత పరిహసించినను నతడు మాఱినవాడు కాడు.

ఇంతకంటె బలమైన యాక్షేపము మఱియొకటి గలదు. నియమముచే నొచ్చినదియు నామెయే, నొప్పింపకుండ మాటలాడవలసినదియు నామెయేనా? నేను ఉపాధ్యాయుడను. కాదనువాడు మర్యాదగా గాదనవలెనని యీ ఘట్టమును జూపి విద్యార్థులకు జాలకాలము బోధించితిని. అది సగము పాఠమే. మధురవాణి నేర్పు ఫలించుటకు వినగలిగిన సౌజన్యారావు కావలెను. ఎదుటనున్నది వేశ్యయని తెలిసి యాయన నివ్వెరపోయెను. కాని యామె చెప్పినదానిని ద్రోసివేయలేదు. కావున నీ పరీక్ష నియమము గలవానికే యెక్కువ. దేవదాసీ సమర్పణమును మాన్పు శాసనము మద్రాసున 1947లో వచ్చినది, అది కావలసినదే. కాని యే శాసనమును నొక స్త్రీకి మన యింట బీట వేయజాలదు. అది మనము వేయవలసినదే.

తుదకొక యొప్పుకోలు. గ్రాంథికభాషా నియమమును గాదనుచు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు అసమ్మతిపత్రము వ్రాసిన కవిని నేను గ్రాంథికముననే మెచ్చుకొనుచున్నాను. ఆయన యిది చదివియుండినచో గోపగింపక చిఱునవ్వు నవ్వియుందురు. ఆ నవ్వునకు నొచ్చుకొనక, అందలి ప్రశ్నకు బదులు వెదకుకొనుట నా వంతు.