ప్రత్తి – పత్తి: విశ్వవిద్యాలయ రచనలో ఏకరూపత

విశ్వవిద్యాలయ ప్రచురణల భాషకు ఏకరూపత ఎక్కడ అవసరమో, ఎక్కడ హానికరమో గుంటూరు, ప్రకాశం జిల్లాల పంటల పదజాలం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

గుంటూరు సమీపంలోని లాం కేంద్రంగా ఉన్న ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన ఫలితాలను రైతులకు తెలుగులో అందిస్తున్నది. ఆ ప్రచురణల్లో ‘ప్రత్తి’ అనే రూపం నేటికీ కనిపిస్తుంది. రైతుల వాడుకలో ఉన్నది ‘పత్తి’. ‘ప్రత్తి’ని తప్పనలేం. తమిళ ‘పరుత్తి’తో పోల్చినప్పుడు అందులోని రేఫ ప్రాచీనమని తెలుస్తుంది, ప్రత్తిపాడు అనే ఊరిపేరులోనూ అది నిలిచి ఉంది. అయితే క్రొత్త, ప్రొద్దు, క్రింద అనేవి కొత్త, పొద్దు, కింద అయినట్లే పదాది రేఫ ఆధునిక వ్యవహారంలో లోపించింది. ‘ప్రత్తిలో కొత్త రకాలు’ అని రాసేవారు ఒకే ధ్వనిమార్పును ఒక పదంలో అంగీకరించి, పక్క పదంలో నిరాకరిస్తున్నారు. ఇక్కడ అర్థభేదం లేదు కాబట్టి ఒకే రూపాన్ని నిర్ణయించుకోవడం ఉచితం. అకారాది సూచికలో ‘పత్తి’ని వెతికే పాఠకుడికి ‘ప్రత్తి’ ఎన్నో పుటల అవతల ఉంటుంది.

మిరప తెగుళ్ల పదాల స్థితి వేరు. ఆకులు పైకి ముడుచుకుంటే పైముడత, కిందికి ముడుచుకుంటే కిందిముడత. మొదటిదానికి తామర పురుగులు, రెండవదానికి నల్లి కారణం. నివారణ మందులూ వేరు. ఏకరూపత పేరుతో రెండింటినీ ‘ఆకుముడత’ అంటే వాక్యం తీరుగా ఉంటుంది గాని రైతు పొరపాటు మందు చల్లే ప్రమాదముంది. అలాగే చేలో ‘మిరప’, యార్డులో ‘మిర్చి’ అనే వాడుక భేదాన్ని చెరపవలసిన పని లేదు.

మద్రాసు విశ్వవిద్యాలయ రచనాశైలి వివాదంలో గురజాడ అప్పారావు 1914లో సమర్పించిన అసమ్మతి పత్రాన్ని, పండితుల గ్రాంథిక రచనల్లోని స్ఖాలిత్యాలను చూపిన గిడుగు రామమూర్తి ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజము’ను ఈ దృష్టితో మళ్లీ చదవాలి. వాడుకకు దూరమైన నియమం దాన్ని సమర్థించేవారి చేతిలోనే నిలవదని గిడుగు నిరూపించారు. కాని వాడుకకు నియమం అక్కరలేదని దీనికి అర్థం కాదు. పత్రికారంగంలో బూదరాజు రాధాకృష్ణ వాడుక భాషకే వర్ణక్రమ, ప్రయోగ నియమాలను కూర్చే కృషి చేశారు.

కాబట్టి విశ్వవిద్యాలయాల శైలీ నియమావళికి ప్రాతిపదిక ఒక్కటే కావాలి: అర్థభేదం లేని రూపభేదాన్ని తొలగించాలి, అర్థభేదాన్ని మోసే రూపభేదాన్ని కాపాడాలి. ఈ విచక్షణ వర్ణక్రమం తెలిసిన భాషాశాఖకూ, పొలం తెలిసిన వ్యవసాయ శాస్త్రవేత్తకూ ఉమ్మడి బాధ్యత.