పదహారు బిట్లలో పట్టిన పనితనం

మైక్రోకంట్రోలర్‌కు సొంతంగా బేసిక్ కంపైలర్ రాయాలని కూర్చున్న ఔత్సాహికుడు ముందు తేల్చుకోవాల్సింది: ఏ బేసిక్? 1964లో డార్ట్‌మత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ విద్యార్థుల కోసం తయారుచేసిన భాష తర్వాత లెక్కలేనన్ని మాండలికాలుగా చీలింది. పీసీ మీద చెయ్యి తిరిగినవారికి క్విక్‌బేసిక్ వైపు మనసు లాగుతుంది. నా ఓటు మాత్రం 1992లో కాలిఫోర్నియాలోని పారలాక్స్ సంస్థ బేసిక్ స్టాంప్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో పాటు తెచ్చిన పీబేసిక్‌కే.

ఆ స్టాంప్‌లో ఉన్న చోటు ఎంతని? ప్రోగ్రాంకు 256 బైట్ల ఈఈప్రామ్, వేరియబుల్స్‌కు 14 బైట్లు, పిన్నులు ఎనిమిది. ఆ 14 బైట్లకు బీ0 నుంచి బీ13 దాకా పేర్లు ముందే ఉన్నాయి. వాటినే రెండేసి కలిపితే డబ్ల్యూ0 నుంచి డబ్ల్యూ6 దాకా 16 బిట్ల వర్డ్‌లు. మొదటి రెండు బైట్లను విడివిడి బిట్లుగానూ వాడుకోవచ్చు.

సబ్‌రూటీన్ల దగ్గర పొదుపు ఇంకా అందంగా ఉంటుంది. ప్రోగ్రాం మొత్తంలో వాటిని పిలిచే గోసబ్‌లు పదహారుకు మించకూడదు. ఒకదానిలో ఒకటి నాలుగు అంతస్తులు దాటకూడదు. పదహారింటిలో ఏది పిలిచిందో గుర్తుపెట్టుకోవడానికి నాలుగు బిట్లు చాలు. నాలుగు అంతస్తులకు పదహారు బిట్లు. సరిగ్గా డబ్ల్యూ6! గోసబ్ వాడితే ఆ వర్డ్‌ను దానికి వదిలేయాలి, అంతే. వేరే స్టాక్ లేదు.

ఇక ఆజ్ఞలు. 'పల్స్‌అవుట్ 0, 150' అంటే సున్నా పిన్ను మీద 150 పదుల మైక్రోసెకన్లు, అంటే 1.5 మిల్లీసెకన్ల పల్స్. సర్వో మోటారు మధ్యకు తిరగడానికి కావలసిన కొలత అదే. నాకు అన్నిటికన్నా నచ్చింది 'బటన్'. మీట నొక్కినప్పుడు లోపలి లోహం టకటకా అదురుతుంది. ఒక్క నొక్కు పదిగా కనిపిస్తుంది. ఆ అదురును వడకట్టడం, నొక్కి పట్టుకుంటే పని మళ్లీ మళ్లీ జరిపించడం, రెండూ ఈ ఒక్క ఆజ్ఞే చూసుకుంటుంది. తన లెక్కకు అడిగేది ఒక బైటు, ముందుగా సున్నా చేసి ఇస్తే చాలు. ఆగి ఎదురుచూడదు కనుక లూప్‌లో మిగతా పనులు సాగుతూనే ఉంటాయి. ఎలక్ట్రానిక్స్ బల్ల దగ్గర రోజూ కూర్చునే మనిషికి తప్ప ఇది తట్టదు.

లోటు లేదనను. బ్రాకెట్లు లేవు, గుణకారానికి ప్రాధాన్యం లేదు. 2 + 3 * 4 అంటే ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోయి 20 అంటుంది. ఇఫ్ తర్వాత లేబుల్‌కు దూకడమే. ప్రోగ్రాంను చిప్‌లో ఇంటర్‌ప్రెటర్ చదువుతుంది కాబట్టి వేగం సెకనుకు సుమారు 2,000 ఆజ్ఞలే.

ఆ వేగం కొరత భాషది కాదని పిక్‌బేసిక్ కంపైలర్ చూపించింది. అదే మాండలికాన్ని నేరుగా పిక్ చిప్ మెషిన్ కోడ్‌గా మార్చి ఎన్నో రెట్లు వేగంగా నడిపింది. బ్రిటన్ బడుల్లోకి వెళ్లిన పికాక్స్ మైక్రోకంట్రోలర్ కూడా ఈ బీ0, డబ్ల్యూ0 పేర్లనే అందుకుంది.

కంపైలర్ మొదలుపెట్టే మిత్రులారా, కొత్త వ్యాకరణం కనిపెట్టే ముందు పీబేసిక్ ఆజ్ఞల పట్టికను ఒకసారి పక్కన పెట్టుకోండి. బ్రాకెట్లు చేర్చండి, ఇఫ్‌ను విస్తరించండి. 'బటన్'ను మాత్రం ఉన్నదున్నట్టు తీసుకోండి.