ఉచిత యాంటీవైరసుల విలువ ఎంత?

కొడిమ్యాల వంటి ఊళ్లలో ఇంటి కంప్యూటరుకు వైరసు వచ్చు దారులలో పెన్‌డ్రైవు ముఖ్యమైనది. జిరాక్సు దుకాణములో దరఖాస్తు ముద్రింపించి తెచ్చి, దానినే ఇంట తగిలించుచున్నాము. భయపడి విద్యార్థులు ఉచిత యాంటీవైరసును, ఒక్కొక్కప్పుడు రెండింటిని, దించుకొనుచున్నారు.

ఉచితమను మాటను ముందు పరీక్షింపవలెను. అవాస్ట్ సంస్థ తన యాంటీవైరసును వాడువారు అంతర్జాలములో ఏమేమి చూచిరో సేకరించి, జంప్‌షాట్ అను అనుబంధ సంస్థ ద్వారా అమ్మినది. 2020 లో జంప్‌షాట్ మూతపడినది. 2024 లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అవాస్ట్‌పై 1.65 కోట్ల డాలర్ల చెల్లింపు విధించినది. అది వైరసులను పట్టలేదని కాదు. కాపలావాడే ఇంటి గుట్టు అమ్ముకొనెను.

ఇక సామర్థ్యము. ‘ఐకార్’ అను 68 అక్షరముల పరీక్షా ఫైలు కలదు. అందు హాని ఏమియు లేదు; యాంటీవైరసులు దానిని వైరసువలె పట్టవలెనని ఏర్పాటు. పట్టినచో కాపలా మేలుకొని యున్నదని తెలియును, అంతే. దొంగను గుర్తింపగలదా యనుటకు ఆస్ట్రియాలోని ఏవీ-కంపారెటివ్స్, జర్మనీలోని ఏవీ-టెస్ట్ ప్రకటించు ఫలితములు చూడవలెను. మంచి ఫైలును వైరసని పొరబడిన లెక్క కూడ అందుండును. దానిని చూచువారు అరుదు!

విండోస్ 10, 11 లలో డిఫెండర్ ముందే యున్నది. మరియొక యాంటీవైరసు పెట్టినచో సాధారణముగా అది తప్పుకొనును. అనగా బలము కూడదు, కాపలా మారును. ఇంటికి డిఫెండరే చాలునని నా అభిప్రాయము. అయితే విండోస్ 10 కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14 న ముగిసినది. గోడకు పడిన కన్నమును ఏ కాపలాయు పూడ్చలేదు. ఇదివరకే చొరబడిన దానిని తొలగించుటకు, భారత ప్రభుత్వము 2017 లో నెలకొల్పిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఉచిత సాధనములను ఇచ్చుచున్నది.