లెక్క తప్పిన ముద్దులు

ముద్దులు వేలల్లో ఇమ్మని, ఆపైన వందల్లో ఇమ్మని ప్రియురాలిని అడుగుతాడు కటుల్లస్. లెక్క బాగా పెరిగాక అంతా కలగాపులగం చేసేద్దామంటాడు, ఎన్నో తెలిస్తే ఓర్వలేనివాళ్ల దిష్టి తగులుతుందని! క్రీ.పూ. మొదటి శతాబ్దంలో వెరోనా నుంచి రోమ్‌కు వచ్చిన ఈ యువకవి చమత్కారం మనకు ఇట్టే అందుతుంది. దిష్టి సంగతి మనకెవరూ విడమరచి చెప్పనక్కర్లేదు కదా. అయితే అదే కవితలో ముద్దుల లెక్కకు ముందే చావు మాట వస్తుంది. సూర్యుడు అస్తమించినా మళ్లీ ఉదయిస్తాడు, మనిషికి ఆ వీలు లేదు. అంకెలను అంతగా పెంచింది ఆ భయమే. లాటిన్ ప్రేమకవిత్వంలోని చమత్కారాన్ని పైపూత అనేవాళ్లతో అందుకే నేను ఏకీభవించలేను. మోహం బరువంతా మోసేది అదే.

లాటిన్ ప్రేమకవుల ముఖ్య సాధనం ఎలిజీ ఛందస్సు. మన ద్విపదలో రెండు పాదాలూ సమానం. వీళ్ల జంటలో మొదటి పాదానికి ఆరు గణాలు, రెండోదానికి ఐదు. మొదటిది సాగిపోతుంది, రెండోది నడుమ విరిగి ఆగుతుంది. ఆశపడటం, వెనక్కి తగ్గటం ఆ నడకలోనే వినిపిస్తాయి. ప్రేమా ద్వేషమూ ఒకేసారి కలుగుతున్నాయని కటుల్లస్ వాపోయిన ప్రసిద్ధ కవిత మొత్తం ఇలాంటి ఒకే ఒక్క జంట. 14 మాటలు, వాటిలో 8 క్రియలు. నామవాచకం ఒక్కటీ లేదు, విశేషణం ఒక్కటీ లేదు. ఆమె పేరు లేదు, కళ్ల వర్ణన లేదు. ఇంత పొదుపుగా ఇంత నొప్పి చెప్పిన కవిత నేను మరొకటి చదవలేదు.

మరో రోమన్ కవి ఓవిడ్ ఆ ఛందస్సుతోనే ఆడుకున్నాడు. యుద్ధకావ్యం మొదలుపెట్టబోతే ప్రేమదేవుడు క్యూపిడ్ వచ్చి రెండో పాదంలో ఒక గణం దొంగిలించాడట, ఇక ప్రేమ గురించి రాయక తప్పలేదట. మూసిన తలుపు ముందు రాత్రంతా మొరపెట్టుకునే ప్రియుడు వీళ్లందరికీ ఆనవాయితీ. ప్రొపర్టియస్ అనే కవి అయితే ఆ తలుపు చేతే మాట్లాడించాడు. ప్రేమికుడూ సైనికుడేనని, జాగారం, ముట్టడి ఇద్దరికీ ఉన్నవేనని ఓవిడ్ వాదించాడు. యుద్ధవిజయాన్నే పౌరుషంగా ఎంచే రోమ్‌లో అది సాహసమే. పెళ్లిళ్లను చట్టాలతో కట్టడి చేసిన అగస్టస్ చక్రవర్తి క్రీ.శ. 8లో అతణ్ని నల్లసముద్రపు ఒడ్డున ఉన్న టోమిస్‌కు పంపేశాడు. కారణాల్లో ఒక కావ్యమూ ఉందని ఓవిడే రాసుకున్నాడు.

నాకు అందరికన్నా ఇష్టమైన కవయిత్రి సల్పీషియా. టిబుల్లస్ అనే కవి పేరున్న సంపుటంలో దాగి మనదాకా వచ్చినవి ఆమెవి ఆరు చిన్న కవితలు, మొత్తం 40 పాదాలు. ఆమె వాక్యాలు మెలికలు తిరుగుతాయని పూర్వం కొందరు పండితులు చిన్నచూపు చూశారు. ఆఖరి కవిత చదివితే ఆ మెలికల పనితనం తెలుస్తుంది. ఆరు పాదాలూ కలిపి ఒకే వాక్యం. ఒట్టు పెట్టుకోవడంతో మొదలై, తన పడుచు వయసులోని తెలివితక్కువ పనులన్నిటినీ తలచుకుని, రాత్రి ప్రియుణ్ని ఒంటరిగా వదిలి వెళ్లినందుకే ఎక్కువ బాధపడుతున్నానంటుంది. ఎందుకు వెళ్లిందో ఆరో పాదం దాకా చెప్పదు: తన మోహం అతనికి తెలియనివ్వకూడదని.