నిలువు కుట్టు

మోకాలిలో తొడ ఎముక కింది కొస గుండ్రన, దాన్ని మోసే కింది కాలి ఎముక టిబియా పైభాగం దాదాపు చదును. గుండ్రనిది చదును మీద ఆనితే బరువంతా ఒక్కచోటే పడాలి. అలా పడకుండా మధ్యలో సర్దుకుని కూర్చునేవి లోపలి పక్క ఒకటి, బయటి పక్క ఒకటిగా రెండు మెత్తలు, మెనిస్కస్‌లు. ఒక్కోదానికి బయటి అంచు మందం, లోపలి అంచు పలచన. కాలు చాచి ఉన్నప్పుడు కీలు మీది భారంలో సుమారు సగం వీటిదే. 90 డిగ్రీలు వంచితే 85 శాతం దాకా.

ఇంత చిన్నది అంత భారం ఎలా మోస్తుంది? దాని కొల్లాజెన్ పీచుల్లో ఎక్కువ భాగం అంచు వెంబడే వంపు తిరిగి ముందు కొస నుంచి వెనక కొస దాకా సాగుతాయి. రెండు కొసలూ టిబియాకు గట్టిగా అతుక్కుని ఉంటాయి. బరువు పడగానే మెనిస్కస్ బయటికి జారబోతుంది, పీచులు బిగుసుకుని ఆపుతాయి. ఎడ్లబండి చక్రం చుట్టూ బిగించిన ఇనుప పట్టా చేసే పనే ఇది. పీచుల వెంబడి చీలిక వస్తే పట్టా తెగలేదు, రెండు పాయలుగా విడిందంతే. అడ్డంగా అంచు దాకా చిరిగినా, కొస ఊడినా పట్టా తెగినట్టే.

1883లోనే ఎడిన్‌బరో సర్జన్ థామస్ అనండేల్ ఒక గని కార్మికుడి మెనిస్కస్‌ను కుట్టాడు. ఆ తర్వాత చాలాకాలం చిరిగితే తీసిపారేయడమే వైద్యం. అలా తీసేసిన మోకాళ్లు ఎలా అరుగుతాయో 1948లో సర్జన్ ఫెయిర్‌బ్యాంక్ ఎక్స్‌రేలలో చూపించినా ఆ అలవాటు వెంటనే పోలేదు. 1969లో టోక్యోలో హిరోషి ఇకెయుచి కీలులోకి దూర్చే చూపు గొట్టమైన ఆర్థ్రోస్కోప్‌లో చూస్తూ కుట్టాడు.

రక్తనాళాలు బయటి అంచులోనే ఉంటాయి కాబట్టి అక్కడి చీలికలే బాగా అతుకుతాయి. కుట్టేముందు చీలిక అంచుల్ని చిన్న ఆకురాయితో గీకి పచ్చి చేస్తారు. అసలు నేర్పు ఆ తర్వాతే. దారాన్ని పీచుల వెంట పడుకోబెడితే, లాగినప్పుడు అది వాటి మధ్యనుంచి కోసుకుని జారిపోవచ్చు. అందుకే కుట్టు నిలువుగా పడాలి: ఒక మొన చీలికకు ఇవతల, రెండోది అవతల, మధ్యలో దారం పీచుల కట్టను చుట్టి పట్టుకోవాలి. కొన్ని కుట్లు పైముఖాన, కొన్ని కిందిముఖాన వేస్తే మెనిస్కస్ ఒకవైపు ఒరగదు. సూది బయటికి వచ్చే చోట ముందే చిన్న గాటు పెట్టి, కీలు తొడుగు వెనక గరిటెలాంటి పనిముట్టు అడ్డం ఉంచుతారు. బయటి పక్క పెరోనియల్ నరం, లోపలి పక్క సఫీనస్ నరం సూదికి దొరక్కూడదు. ఆర్థ్రోస్కోప్ కెమెరా చూడలేని వైపు కోసం చేసే ఈ జాగ్రత్తే నాకు అన్నిటికన్నా ముచ్చటగా తోస్తుంది.

కుట్టడానికేమీ మిగలనప్పుడు మార్పిడి. 1984లో మ్యూనిక్‌లో మిలాచోవ్‌స్కీ బృందం మొదలుపెట్టింది. మరణించిన దాత మెనిస్కస్‌ను గడ్డకట్టించి నిల్వ చేస్తారు. ఎడమకు ఎడమదే, కుడికి కుడిదే. కొలత ఎక్స్‌రేతో చూసి కుదురుస్తారు. కొసలు ఎముకలో నిలవాలి, లేకపోతే పట్టాకు బిగువే ఉండదు. లోపలి మెనిస్కస్ కొసలు దూరదూరంగా ఉంటాయి గనక ఒక్కోదానికి విడివిడిగా ఎముక బిరడా, దానికి సరిపోయే రంధ్రం. బయటిదాని కొసలు దగ్గరదగ్గర. రెండు రంధ్రాలు తొలిస్తే కలిసిపోయే ప్రమాదం. అక్కడ రెండు కొసల్నీ కలిపిన ఎముక పట్టీనే ఉంచి, టిబియాలో గాడి తీసి దించుతారు. పాత మెనిస్కస్ అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగల్చడం మరో మెళకువ. రక్తం అందేది అక్కడినుంచే. కొత్తదాన్ని దానికి మళ్లీ ఆ నిలువు కుట్లతోనే కుడతారు. క్రమంగా గ్రహీత కణాలు అందులోకి చేరతాయి.

ఇది అందరికీ చేసేది కాదు. మృదులాస్థి బాగా అరిగిపోయినా, కాలు వంకర సరిచేయకపోయినా నిలవదు. నొప్పి తగ్గించడంలో మాత్రం మంచి పేరుంది, అరుగుదలను ఆపుతుందని ఇంకా రుజువు కాలేదు. ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు చంకకర్రలు, వంపు 90 డిగ్రీలకు లోపే. గొంతుక్కూర్చోవడం నెలల తరబడి నిషేధం.